డిస్కు లేని ఆట

గడిచిన వారం నజ్మీన్‌ని సత్తెనపల్లి బస్టాండులో, గుంటూరు బస్సు మెట్టు మీద వదిలిపెట్టాం. చేతిలో ఒక మెమరీ కార్డు. నల్లగా, అగ్గిపెట్టె కన్నా పల్చగా ఉంటుంది. దాని కోసమే షాపుకి తాళం వేసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బయల్దేరింది.

ఎందుకు బయల్దేరిందో ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. నజ్మీన్ తండ్రి జాన్ బాషా పరుపులు కుడతాడు. ఇంటి ముందు గదిలో సగం ఆయన దూది ఏకే మిషనుది. తడికకు ఇవతలి సగం కొడుకు కలీం పెట్టిన వీడియో గేముల షాపుది. రెండేళ్ల కిందట కలీం ఇల్లు వదిలి వెళ్లిపోయాక షాపు చెల్లెలి చేతికి వచ్చింది. తడిక దూదిని ఆపుతుందా? నలుసులు గాల్లో తేలుతూ వచ్చి గేము బాక్సుల్లో దూరి, డిస్కు చదివే లెన్సు మీద పేరుకునేవి. ఒక్కో బాక్సూ మూలపడుతున్న రోజుల్లో, గుంటూరులో కొత్తరకం కార్డు దొరుకుతోందని ఆమె చెవిన పడింది. గేము డిస్కుని కంప్యూటరులో బ్యాకప్ తీసి పెన్‌డ్రైవులో వేసుకుంటే చాలు, బాక్సు దాన్నే చదువుకునేలా ఆ కార్డు చూసుకుంటుంది. ఇక డిస్కుతో పనిలేదు. చిన్నప్పటి క్యాసెట్ గేములైతే మరీ చిన్నవి కాబట్టి ఆ కార్డులోనే ఇమిడిపోతాయి, అందులోంచే నడుస్తాయి.

నజ్మీన్ ఒక కార్డు తెప్పించింది. బాక్సులో పెట్టి స్విచ్చి వేసింది. కంపెనీ బొమ్మ రావాల్సిన చోట వరసగా పేర్లు వచ్చాయి. మొట్టమొదటి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ‘బుడ్డి’.

ఆమెని ఆ పేరుతో పిలిచినవాడు కలీం ఒక్కడే.

* * *

జయరావు షాపు అరండల్ పేటలో ఒక మందుల కొట్టు పక్కన ఉంది. పాత టీవీలూ, విప్పదీసిన గేము బాక్సులూ, చిక్కుపడిన వైర్ల మధ్య ఆయన కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. గొంతు మాత్రం రోడ్డు అవతలికి వినపడేలా ఉంది.

“సత్తెనపల్లా? కొరియర్‌లో పంపించాను గదమ్మా. పనిచేయట్లేదా?”

“పనిచేస్తోందండి. ఇది చేసిందెవరో కనుక్కుందామని వచ్చాను.”

జయరావు చేయి ఇడ్లీ మీదే ఆగిపోయింది. “చేసినవాళ్లతో నీకేం పని? నేను అమ్మాను, నువ్వు కొన్నావ్. ఏదన్నా తేడా వస్తే నన్నడుగు.”

“కలీం అనే అతను చేశాడా?”

“కలీమా? కలీమెవరు?” అన్నాడాయన. ఆ మొహంలో దాపరికం వెతికింది నజ్మీన్. దొరకలేదు. “మా మహిమ టీచరు చేస్తుందమ్మా ఇవి. కొరిటెపాడులో ఉంటుంది. కాన్వెంట్లో పిల్లలకి కంప్యూటరు చెప్పేది, పాప పుట్టాక మానేసి ఇంట్లోనే ఈ పని పెట్టుకుంది. కావాలంటే వెళ్లి అడుగు. చర్చి వెనకాల సందు, ఆకుపచ్చ తలుపు.”

నజ్మీన్ షాపు మెట్లు దిగింది. బస్సులో వస్తున్నంతసేపూ ఆమె మనసులో ఒక్కటే బొమ్మ ఆడింది. ఎక్కడో ఒక గదిలో అన్న కూర్చుని ఉంటాడు, తను వెళ్లి నిలబడితే తలెత్తుతాడు. ఆ బొమ్మలో మహిమ టీచరుకి చోటే లేదు. ఎవరీవిడ? ఆవిడ కార్డులో తన పేరేమిటి? ‘బుడ్డి’ అంటే లోకంలో ఇంకేదైనా అర్థం ఉందా? కిరసనాయిలు బుడ్డి ఉంది. సిరా బుడ్డి ఉంది. ఏ ఉద్దేశమూ లేకుండా ఎవరో రాసిన మాటని పట్టుకుని తాను ఇంతదూరం పరుగెత్తుకొచ్చిందేమో! వెనక్కి వెళ్లిపోదామా అనుకుంటూనే కొరిటెపాడు ఆటో ఎక్కింది.

* * *

ఆకుపచ్చ తలుపు తీసిన మనిషి నజ్మీన్ కన్నా కాస్త పెద్దదై ఉంటుంది. చంకలో చంటిపిల్ల. నజ్మీన్ చేతిలోని కార్డు చూడగానే ఆమె నవ్వింది.

“జయరావుగారు పంపారా? ఆగిపోతోందా మధ్యలో? లోపలికి రండి, చూద్దాం.”

చిన్న గది. టేబుల్ మీద కంప్యూటరు, పక్కన టీవీ, దాని కింద మూత తీసేసిన గేము బాక్సు. మహిమ పిల్లని కిందికి దించి కార్డు తీసుకుని పెట్టింది. స్విచ్చి వేసింది. తెర ఒక్క క్షణం నల్లగా ఉండి వెలిగింది. మళ్లీ అదే వరస, మొదట అదే పేరు.

“బానే వస్తోందే!” అని మహిమ రిమోటు నొక్కింది. ‘బుడ్డి’ తెరుచుకుంది. లోపల పాత క్యాసెట్ ఆటలు వరసగా ఉన్నాయి. ఒకటి పెట్టింది. ఇటుకల గోడల మధ్య టాంకులు తిరిగే ఆట. ఆ టింగు టింగు సంగీతం మొదలవగానే నజ్మీన్ బొటనవేళ్లు వాటంతటవే కదిలాయి. ఎండాకాలం సెలవుల్లో, తడిక పక్కన, అన్న ఎడమవైపు, తను కుడివైపు. తను ఎప్పుడూ అన్న టాంకునే కాల్చేది. ‘ఒసేయ్ బుడ్డీ, అటు కాదే, ఇటు!’

“ఈ పేరేంటండీ?” అని అడిగింది.

“ఏది, బుడ్డీనా?” మహిమ వెనక్కి తిరిగి, “బుడ్డీ!” అని పిలిచింది.

గోడ పట్టుకుని అడుగులేస్తున్న పిల్ల తిరిగి చూసి, ముందరి పళ్లు రెండూ కనపడేలా నవ్వింది.

“మా పాప పేరండీ. అసలు పేరు నిస్సీ. వాళ్ల నాన్న ఇలా పిలుస్తాడు. కార్డుల్లో పెట్టిందీ ఆయనే. నాకీ పని నేర్పిందీ ఆయనే.”

అయితే ఆ పిలుపు తనకోసం కాదు. ఎవరో ఒక తండ్రి తన కూతురికి పెట్టుకున్న ముద్దుపేరు. నజ్మీన్‌కి ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. సరే, వెళ్తానండి అని చెప్పబోయింది. అప్పుడే పిల్ల తప్పటడుగులు వేస్తూ వెళ్లి, మంచం పక్కన కింద పరిచిన చిన్న పరుపు మీద బొక్కబోర్లా పడింది.

నజ్మీన్ చూపు ఆ పరుపు దగ్గర ఆగిపోయింది.

నీలం చారల గుడ్డ. అంచుకి రెండు వరసల కుట్టు. నాలుగు మూలలా, దూది జరిగిపోకుండా, దారం అడ్డంగా ఒకసారి తిప్పి నిలువుగా రెండుసార్లు లాగి వేసిన ముడి. సత్తెనపల్లిలో పరుపులు కుట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, కానీ ఆ ముడి వేసేది ఒక్కరే. చిన్నప్పుడు సూదికి దారం ఎక్కించి ఇస్తూ ఆ ముడిని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

“ఇది ఎక్కడ కొన్నారు?”

“కొనలేదు. పాప పుట్టినప్పుడు మామయ్యగారు కుట్టి తెచ్చారు.” మహిమ మాట చివర్లో తడబడింది. ఎదుటి మనిషి ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం చూసింది. “మీరు… మీ పేరేంటన్నారు?”

“అనలేదు. నజ్మీన్.”

మహిమ కుర్చీలో కూలబడింది. టీవీలో టాంకులు ఎవరూ ఆడించకపోయినా వాటి మానాన అవి కాల్చుకుంటున్నాయి.

“అన్నయ్య మిమ్మల్ని పెళ్లి చేసుకున్నాడా?” అని అడిగింది నజ్మీన్. అడిగాక అది ఎంత పిచ్చి ప్రశ్నో తెలిసింది. పిల్ల ఎదురుగా ఉంది. చెవులు అచ్చం కలీం చెవులే, కాస్త ముందుకు వంగి.

“అవును వద… అవునమ్మా.” ఏమని పిలవాలో మహిమకీ తెలియలేదు. “నిన్ను ఒక్కసారి చూడాలని నాకెంత ఉండేదో. మీ ఇంట్లో ఒప్పుకోలేదని…”

“మా నాన్న అన్నయ్యని ఇంట్లోంచి గెంటేశాడు. మరి ఆయన ఇక్కడికి పరుపు తేవడమేంటి?”

మహిమ పిల్లని ఎత్తుకుని, దాని జుట్టు సర్దుతూ ఉండిపోయింది.

“చెప్పు వదినా.” ఆ పిలుపు అనుకోకుండా నోట్లోంచి జారింది. “నేను ఊళ్లో లేనప్పుడు జరిగింది. పరీక్ష రాసి వచ్చేసరికి నాన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. అన్నయ్యేడీ అంటే, ‘నేనే పొమ్మన్నా’ అన్నాడు. ఇంక మాట్లాడలేదు. ఆ రోజు నుంచి నేనాయనతో సరిగ్గా మాట్లాడింది లేదు. అన్నం పెట్టి వెళ్లిపోతాను. షాపులో కూర్చుంటే తడిక అవతల మిషను చప్పుడు వింటేనే ఒళ్లు మండేది నాకు.”

“నజ్మీన్, నేను చెప్పకూడదు. మామయ్య మా చేత మాట తీసుకున్నారు.”

“ఏమని?”

బయట ఆటో వచ్చి ఆగిన చప్పుడైంది. చెప్పులు విడిచిన చప్పుడు. తర్వాత దగ్గు, దూదితో బతికేవాళ్లకి వచ్చే పొడి దగ్గు. పిల్ల “తా… తా…” అంటూ తల్లి చంకలోంచి తలుపు వైపు దూకబోయింది.

అది గురువారం. గురువారాలు జాన్ బాషా పరుపు గుడ్డ కొనడానికి గుంటూరు వస్తాడు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

* * *

కమలాపళ్ల సంచీతో లోపలికి అడుగుపెట్టిన జాన్ బాషా, కూతుర్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది.

“షాపు ఎవరు చూస్తున్నారు?”

“తాళం వేశాను.”

“పొద్దున్నే పిల్లలొస్తారు గదే.”

“నాన్నా!” అని అరిచింది నజ్మీన్. రెండేళ్లుగా లోపల ఉడుకుతున్నదంతా ఆ ఒక్క మాటలో బయటికొచ్చింది. పిల్ల బెదిరి ఏడుపు అందుకుంది. జాన్ బాషా సంచీ కింద పెట్టి, మహిమ చేతుల్లోంచి మనవరాలిని తీసుకుని భుజాన వేసుకున్నాడు. అలవాటైన చేతులు. అది చూస్తుంటే నజ్మీన్‌కి ఇంకా అయోమయంగా ఉంది. ఇంట్లో తలొంచుకుని అన్నం తిని లేచిపోయే మనిషి ఈయనేనా?

“నువ్వేగా పొమ్మన్నావ్ అన్నయ్యని?”

“నేనే అన్నా.”

“పొమ్మని, వారం వారం వచ్చి చూసిపోతున్నావా? ఎవర్ని మోసం చేస్తున్నావ్? అమ్మనా? నన్నా?”

ఆయన పిల్ల వీపు నిమురుతున్నాడు. మహిమే నోరు విప్పింది.

“మామయ్యా, ఇంక చెప్పేయండి. మీరు చెప్పకపోతే నేను చెబుతా. తను అన్నయ్యని వెతుక్కుంటూ వచ్చింది. ఇంకా ఎన్నాళ్లు మోస్తారు?”

జాన్ బాషా మంచం మీద కూర్చున్నాడు. ఏకిన దూదిని పొరలు పొరలుగా పరిచేవాడు మాటలు కూడా అలాగే పరుస్తాడు. ఒకటి పరిచి, సర్ది, ఇంకోటి.

“మీ చిన్నమామ జిన్నింగు మిల్లులో పోయాడు. నీకు గుర్తుండదు, చంటిదానివి. మిషనులో పత్తి ఇరుక్కుంటే తీయడానికి లోపలికి దిగాడు. ఎవరో అంతా అయిపోయింది అన్నారంట. స్విచ్చి వేశారు.” ఆయన ఆగి మహిమ వైపు చూశాడు. “వేసింది ఆదాం. మహిమ తండ్రి.”

మహిమ కళ్లు దించుకుంది. “నాన్న ఆ రోజే మిల్లు మానేశాడు. పిడుగురాళ్లలో సున్నం బట్టీల దగ్గర కాపలా ఉంటున్నాడు. మళ్లీ సత్తెనపల్లి పొలిమేర తొక్కలేదు. మా పెళ్లికి కూడా రాలేదు. ఏ మొహం పెట్టుకుని రాను అన్నాడు.”

“మీ అన్నకి అప్పటికి ఇదంతా తెలీదు,” అన్నాడు జాన్ బాషా. “ఫలానా పిల్లని చేసుకుంటానని చెప్పాడు. పేరు విని నేను సరేనన్నా. తండ్రి పేరు విన్నాక మీ అమ్మ… అట్టా ఏడవడం నేను మళ్లీ చూడలేదు, ఆ చావు రోజు తర్వాత. ఆ గడప నుంచి వచ్చిన పిల్ల ఇంట్లో అడుగుపెడితే నన్ను మర్చిపోండి అంది. నువ్వు ఇంటికి రావద్దు, చెల్లెలితో మాట్లాడొద్దు అని వాడి చేత ఒట్టేయించుకుంది. పొమ్మంది మీ అమ్మేనమ్మా.”

“మరి నువ్వెందుకు నీ నెత్తిన వేసుకున్నావ్?”

“నీ సంగతి నాకు తెలుసుగా. మీ అన్నంటే ప్రాణం నీకు. మీ అమ్మే పంపించిందని తెలిస్తే దాంతో మాట్లాడటం మానేస్తావ్.” ఆయన దగ్గాడు. “నువ్వు నాతో మాట్లాడకపోతే నేను పరుపులు కుట్టుకుంటా. దానికేం ఉందే? తమ్ముడు పోయాడు, కొడుకు పోయాడు. నువ్వు కూడా మొహం తిప్పుకుంటే అదేం చేసుకుంటుంది?”

నజ్మీన్ నేల మీద కూర్చుండిపోయింది. రెండేళ్లు. ఆయన మంచినీళ్లు అడిగితే గ్లాసు చప్పుడయ్యేలా పెట్టి వెళ్లిన రోజులు. జ్వరమొచ్చి పడుకుంటే అమ్మ చేత మాత్ర పంపించిన రోజు. ఒక్కొక్కటీ గుర్తొస్తుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లేచి వెళ్లి కాళ్లు పట్టుకుందామనుకుంది. ఇన్నాళ్లూ ఆయన మీద పెంచుకున్న కోపాన్ని ఇప్పుడు ఎవరి మీదికి మళ్లించాలి? అమ్మ మీదికా? అదే కదా ఆయన వద్దన్నది!

“ఆ పేరు…” అంది మహిమ, ఏదో అప్పుడే తట్టినట్టు. “నేను ఇన్నాళ్లూ పాప పేరనే అనుకున్నా. కానీ ఆయన మొదటి కార్డులు చేసినప్పుడు పాప ఇంకా పుట్టలేదు. అప్పుడే ఆ పేరు పెట్టాడు. నీతో మాట్లాడనని ఒట్టు వేశాడు కదా… మీ షాపులో దూదికి లెన్సులు ఆగవు, ఏదో ఒకరోజు ఈ కార్డు నీ దగ్గరికి చేరుతుందని…”

నజ్మీన్ ఓణీతో మొహం తుడుచుకుని లేచింది.

“అన్నయ్య ఏడి?”

ఆ ప్రశ్నకి మహిమ నవ్వింది, నజ్మీన్ వచ్చినప్పటి నుంచి ఇంత నిశ్చింతగా నవ్వడం ఇదే మొదలు. “నన్నడుగుతావేంటి? మీ దగ్గరేగా ఉన్నాడు. మామయ్యా, ఆయన మీతో రాలేదా?”

“నాతోనా?” జాన్ బాషా చేయి మనవరాలి వీపు మీద ఆగిపోయింది. “వాడు ఇక్కడ లేడా? డ్యూటీకి వెళ్లాడనుకుంటున్నా.”

మహిమ నవ్వు మొహం మీదే చెదిరిపోయింది. “ఆదివారం ఎవరో ఫోన్ చేశారు. మాట్లాడుతూనే ఆయన మొహం వెలిగిపోయింది. ‘అమ్మ రమ్మంది మహిమా’ అని చొక్కా తొడుక్కుంటూనే పరుగెత్తాడు. అప్పట్నించి ఫోన్ కలవట్లేదు. ఇన్నాళ్ల తర్వాత తల్లీకొడుకులు కలిశారు, నేను మాటిమాటికీ చేసి చెడగొట్టడమెందుకని ఊరుకున్నా. మీ ఇంట్లోనే ఉన్నాడనుకున్నా.”

“మా ఇంట్లో లేడు,” అంది నజ్మీన్.

“మీ అమ్మకి వాడి నంబరు ఎక్కడిది?” అన్నాడు జాన్ బాషా. తనలో తనే అనుకున్నట్టు మళ్లీ అన్నాడు. “దానికి ఎట్టా తెలుసు?”

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో ముక్క ఉంది. కలిపితే మాత్రం ఏ బొమ్మా రావట్లేదు. నజ్మీన్ ఆదివారాన్ని తల్చుకుంది. అమ్మ ఆరోజు మధ్యాహ్నం బయటికెళ్లింది. వచ్చి మాట్లాడకుండా వంటింట్లో దూరింది. ఆ తర్వాత…

“నాన్నా, అమ్మ ఆదివారం నుంచీ రోజూ కారియరు కడుతోంది. పక్క వీధిలో మౌలాబీకి ఒంట్లో బాలేదంట, వండుకోలేకపోతోందంట.”

జాన్ బాషా కనుబొమలు ముడిపడ్డాయి. “మౌలాబీకా? నిన్న బజారులో నా ముందే మిరపకాయల వాడితో పోట్లాడింది. గుండ్రాయిలా ఉంది.”

ఎవరూ ఏమీ అనకముందే నజ్మీన్ చేతిలోని ఫోన్ మోగింది. అమ్మ. మాబూబీ ఫోనులో మాట్లాడితే గదంతా వినాల్సిందే. స్పీకరు అక్కర్లేదు.

“ఏమే నజ్మీ, షాపుకి తాళమేసుంది. ఎక్కడున్నావే?”

“గుంటూరొచ్చానమ్మా. గేము కార్డు కోసం.”

“గుంటూరా? మంచిపని చేశావ్. విను. కొరిటెపాడులో మహిమని ఒకమ్మాయుంది. చర్చి వెనకాల సందంట. చంకలో పిల్ల ఉంటుంది. ఎట్టాగైనా పట్టుకో. ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఇప్పుడే బస్సెక్కు. మనింటికి కాదు, తిన్నగా మౌలాబీ ఇంటికి తీసుకురా.”

“అమ్మా, అన్నయ్య…”

“రానంటే, వాళ్ల నాన్న ఆదాం కూడా ఇక్కడే ఉన్నాడని చెప్పు. వస్తుంది.”

మహిమ మంచం కోడు పట్టుకుంది.

“ఏం జరిగిందమ్మా?”

“ఫోనులో చెప్పేది కాదు. తొందరగా రండి.” మాబూబీ గొంతు తగ్గించింది, అయినా గదంతా వినపడింది. “ఇంకో మాట. ఇదేదీ మీ నాన్నకి తెలియకూడదు. ఆ మనిషి తట్టుకోలేడు.”

ఫోన్ పెట్టేసింది.

మహిమ అప్పటికే పాప బట్టలు సంచీలో కుక్కుతోంది. ఏది పెడుతోందో, ఏది తీస్తోందో ఆమెకే తెలియడం లేదు. జాన్ బాషా పిల్లని భుజానికి గట్టిగా హత్తుకుని లేచి, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

“నాన్నా, నీకు తెలియకూడదంది అమ్మ,” అంది నజ్మీన్, ఏం చేయాలో తోచక.

“నాకేం తెలిసింది?” అన్నాడాయన. “పదండి.”